మోవర్ స్టార్ట్ కాకపోతే కొత్తది కొనకండి, ముందు గ్యాస్ చూడండి

అమెరికాలో కొత్తగా ఇల్లు కొన్న మనవాళ్లు ఏటా ఏప్రిల్ వచ్చేసరికి అడిగే ప్రశ్న ఇది: "పోయిన అక్టోబర్‌లో లక్షణంగా నడిచిన లాన్ మోవర్ (గడ్డి కోసే మెషీన్) ఇప్పుడు తాడు ఎంత లాగినా ఉలకదు, పలకదు. కొత్తది కొనాలా?" అక్కర్లేదు. చాలాసార్లు ఇంజన్ బాగానే ఉంటుంది. పాడయ్యింది చలికాలమంతా అందులో నిలవున్న గ్యాస్, అంటే మన పెట్రోలు.

ఇక్కడి మామూలు గ్యాస్‌లో పది శాతం దాకా ఇథనాల్ కలుస్తుంది. ఇథనాల్‌కి తేమను పీల్చుకునే గుణం ఉంది. నీరు ఎక్కువైతే రెండూ కలిసి ట్యాంకు అడుక్కి దిగుతాయి. ఇంజన్‌కి గ్యాస్ వెళ్లేదేమో అడుగు నుంచి! పైగా గ్యాస్‌లో తేలికైనదంతా ఆవిరైపోయి, మిగిలింది జిగురుగా మారి, గ్యాస్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి అందించే కార్బురేటర్‌లో గ్యాస్ వచ్చే దారికి, అంటే జెట్‌కి, అడ్డం పడుతుంది. ఆ జెట్ రంధ్రం గుండుసూది మొన కంటే పెద్దదేం కాదు.

అసలు తప్పు గ్యాస్‌దేనా అని తేల్చుకోవాలంటే, ఆరుబయట, చల్లారిన ఇంజన్‌కి స్పార్క్ ప్లగ్ విప్పి ఆ రంధ్రంలో అర చెంచా కొత్త గ్యాస్ పోయండి. ఒలికింది తుడిచి, ప్లగ్ బిగించి, వైరు తగిలించి, తాడు లాగండి. రెండు క్షణాలు నడిచి ఆగిపోయిందా? మంచిదే. నిప్పు పడుతోంది, కంప్రెషన్ ఉంది, అందనిది గ్యాసే.

అప్పుడు ప్లగ్ వైరు మళ్లీ పీకేసి, గ్యాస్ వాల్వ్ కట్టేసి (వాల్వ్ లేకపోతే గొట్టం నొక్కిపట్టి), కార్బురేటర్ కింద గిన్నెలా ఉండే బౌల్ విప్పండి. అందులోది గాజు సీసాలోకి వంచి చూస్తే నీరు ఉందో లేదో ఇట్టే తెలుస్తుంది, అడుగున వేరే పొరగా నిలుస్తుంది. కొన్ని మోడళ్లలో బౌల్ బోల్టే జెట్ కూడా, ఆ బోల్టు ఒంటికే సన్నటి రంధ్రాలుంటాయి. కార్బ్ క్లీనర్ కొట్టి, పలచటి రాగి తీగ పోగుతో పొడవండి. డ్రిల్ బిట్ మాత్రం పెట్టకండి, రంధ్రం పెద్దదైతే ఇక ఆ జెట్ పనికిరాదు. కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి.

చోక్ (స్టార్టింగ్‌లో గాలి తగ్గించే మీట) వేస్తే నడిచి, తీస్తే ఆగిపోయినా, ఇంజన్ ఒకసారి ఎగసి ఒకసారి తగ్గుతూ ఊగుతున్నా, జెట్లు మూసుకున్నట్టే. కాసేపు నడిచి ఆగిపోయి, ట్యాంకు మూత వదులు చేస్తే మళ్లీ నడిస్తే మూతలోని గాలి రంధ్రం చూడండి. నల్లపొగ వస్తే ముందు ఎయిర్ ఫిల్టర్. ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల మీద గ్యాస్ వాసన వస్తే మాత్రం స్టార్ట్ చేయకండి. బౌల్ నిండాక గ్యాస్‌ని ఆపాల్సిన ఫ్లోట్ సూది మూసుకోక గ్యాస్ ఆయిల్‌లోకి దిగిందన్నమాట. సూది బాగుచేసి, ఆయిల్ మార్చాకే తాడు ముట్టుకోవాలి.

కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది పంపు దగ్గర. ఆక్టేన్ నంబరు 87 పక్కన 88 కనిపిస్తే, నంబరు ఎక్కువ కదా, మంచిదేమో అనిపిస్తుంది. అది సాధారణంగా 15 శాతం ఇథనాల్ ఉన్న ఈ15. 2001, ఆ తర్వాతి మోడల్ కార్లకు సరే గానీ, మోవర్లలో వాడటం నిషిద్ధం.

గడ్డి అంచులు కోసే ట్రిమ్మర్ టూ స్ట్రోక్ అయితే గ్యాస్‌లో ఆయిల్ కలపాలి. 50:1 అంటే గ్యాలన్ గ్యాస్‌కి 2.6 ఔన్సుల ఆయిల్. ఏ నిష్పత్తో మాన్యువల్ చూసే కలపండి. ఆ మిశ్రమం ఫోర్ స్ట్రోక్ మోవర్‌లో పోయకండి.

సీజన్ అయ్యాక కొత్త గ్యాస్‌లో అది త్వరగా పాడవకుండా చూసే స్టెబిలైజర్ కలిపి పది నిమిషాలు నడపండి, అది కార్బురేటర్ దాకా చేరాలి. లేదా ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా నడపండి. నాకైతే రెండోదే నచ్చుతుంది. తీసేసిన పాత గ్యాస్‌ని డ్రెయిన్‌లో పోయకుండా మీ కౌంటీ ప్రమాదకర వ్యర్థాల కేంద్రంలో ఇవ్వండి. అప్పటిదాకా ఆ డబ్బాని వాటర్ హీటర్ ఛాయలకు రానివ్వకండి.