పందెం గుర్రంలో వాటా: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

పలువురు కలిసి పందెం గుర్రాన్ని కొనుక్కోవడం గురించి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాం.

ప్రశ్న: ఏళ్ల తరబడి మలక్‌పేట రేసులకు వెళ్తున్న నా మిత్రుడు మరో ముగ్గురితో కలిసి రెండేళ్ల ఫిల్లీని (వయసులో ఉన్న ఆడగుర్రాన్ని) కొంటున్నాడు. వచ్చే ఏడు హైదరాబాద్‌లో జరిగే పెద్ద రేసు దక్కన్ డెర్బీలో పరుగెత్తుతుందని అతని ఆశ. ఐదో వంతు నన్ను తీసుకోమంటున్నాడు. రేసింగ్ క్లబ్బులో నా పేరు నమోదు చేయించనక్కర్లేదని, మన మధ్య మాట ఉంటే చాలని అంటున్నాడు. దీన్ని పెట్టుబడిగా భావించవచ్చా?
— ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: పెట్టుబడిగా భావించకండి. తిరిగి రాకపోయినా మీ ఇల్లు గడవడానికి ఇబ్బంది లేని సొమ్ము ఉంటే, గుర్రాల మీద నిజమైన ఇష్టం ఉంటే, అప్పుడు మాత్రమే చేరండి.

కొనేటప్పుడు అందరూ గుర్రం ధర గురించే మాట్లాడుకుంటారు. అసలు బరువు ఆ తర్వాత నెలనెలా వచ్చే బిల్లులది. ట్రైనర్ రుసుము, మేత, గుర్రాన్ని చూసుకునే సైసు జీతం, లాడాలు, పశువైద్యుడి ఖర్చు, బీమా, రేసుల ప్రవేశ రుసుములు, ఊరు మారితే రవాణా ఖర్చు, ఇవన్నీ గుర్రం పరుగెత్తినా, లాయంలో నిలబడినా వస్తూనే ఉంటాయి. రాబడి మాత్రం అలా క్రమంగా రాదు. పన్నెండు గుర్రాలు పరుగెత్తిన రేసులో బహుమతి సొమ్ము మొదటి కొన్ని స్థానాలకే దక్కుతుంది, అందులో ట్రైనర్‌కు, జాకీకి, లాయంలో పనిచేసేవారికి వాటాలు పోగా మిగిలినదే యజమానులది, దానిలో ఐదో వంతే మీది. పైగా ఆ బహుమతులకు చాలావరకు ఆధారం క్లబ్బుకు పందేల మీద వచ్చే కమీషనే. పందేల మీద 2017 జులైలో 28 శాతం జీఎస్‌టీ వచ్చింది, 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతమైంది. పన్ను పెరిగేకొద్దీ పందెం కాసేవారు అధికారిక కౌంటర్లు వదిలి చాటుమాటు బుకీల వైపు పోతారు, అప్పుడు క్లబ్బు రాబడితో పాటు మీ గుర్రం గెలుచుకోగల సొమ్మూ తగ్గుతుంది.

మీ ఫిల్లీ వయసు విషయంలో తొందరపడవద్దని మిత్రుడికి చెప్పండి. మన దేశంలో పందెం గుర్రాలన్నింటికీ జనవరి 1న ఒక ఏడు పెరిగినట్లు లెక్క. జనవరిలో పుట్టిన పిల్లా, ఏప్రిల్‌లో పుట్టిన పిల్లా కాగితం మీద ఒకే వయసువి, ఎముకల బలంలో మాత్రం కాదు. లేత వయసులో గట్టిగా పరుగెత్తించిన గుర్రాలకు ముంగాళ్ల ఎముకల ముందు భాగం వాచి నొప్పి పుట్టడం లాయాల్లో సర్వసాధారణం, అది తగ్గేదాకా వారాల తరబడి పని ఆపాల్సిందే. ఆలస్యంగా పుట్టిన పిల్లకు ట్రైనర్ నాలుగు నెలలు ఆగుదామంటే, బిల్లు చూసి విసుక్కోకుండా ఒప్పుకునేవాడే మంచి భాగస్వామి.

ఇక పేరు నమోదు సంగతి. ఈ ఒక్క విషయంలో మొహమాటపడకండి. రేసింగ్ క్లబ్బుకు తెలిసిన యజమానులు నమోదైన వారే. గుర్రాన్ని ఏ రేసులో దించాలో, ఎవరికి అమ్మాలో చెప్పే హక్కు వారిది, బహుమతి సొమ్ము జమ అయ్యేది వారి పేరు మీద. చేతికి డబ్బిచ్చి బయట ఉండిపోయినవాడు స్నేహం చెడిన రోజున తనకు వాటా ఉందని నిరూపించుకోవడానికే నానా తంటాలు పడాలి. చట్టం కూడా మీరు అనుకున్నట్టు ఆదుకోదు. ఉమ్మడి ఆస్తి మీద వచ్చే రాబడిని పంచుకున్నంత మాత్రాన వారు భాగస్వాములైపోరని 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం 6వ సెక్షన్ వివరణలోనే ఉంది. అందువల్ల ఎవరి వాటా ఎంత, నెల బిల్లు ఏ తేదీలోగా కట్టాలి, కట్టనివారి వాటా ఏమవుతుంది, అమ్మాలంటే ఎంతమంది ఒప్పుకోవాలి, ట్రైనర్‌తో మాట్లాడేది ఎవరు అన్న ఐదు సంగతులూ స్టాంపు కాగితం మీద రాసుకుని, క్లబ్బులో ఐదుగురి పేర్లూ నమోదు చేయించండి. అడిగితే నొచ్చుకునే మిత్రుడితో గుర్రాన్ని పంచుకోకపోవడమే ఇద్దరికీ మేలు.

ప్రశ్న: మేము నలుగురం కలిసి కొన్న గుర్రానికి ముంగాలి వెనుక స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) దెబ్బతిని ఎనిమిది నెలలుగా రేసుల్లో దిగలేదు. ఒక భాగస్వామి బిల్లులు కట్టడం మానేశాడు, మరొకరు అమ్మేద్దామంటున్నారు. నాకు మాత్రం మనసొప్పడం లేదు. ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: ఉమ్మడి యాజమాన్యానికి అసలైన పరీక్ష మీరు చెప్పిన ఈ కాలమే. తెల్లవారుజామున గుర్రాన్ని బయటికి తీయకముందే అనుభవజ్ఞుడైన ట్రైనర్ వంగి, ముంగాలి వెనుక పైనుంచి కిందికి వేళ్లతో తడుముతాడు. ఒక చోట కాస్త వెచ్చగా తగిలినా, గుర్రం చర్మం విదిలించినా ఆ రోజు పరుగు ఆపేస్తాడు. ఎందుకంటే తెగిన స్నాయువు అతుక్కున్నా మునుపటిలా సాగదు, గట్టిపడిన కణజాలంతో పూడుకుంటుంది. అందుకే కోలుకోవడానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది, తిరిగి అక్కడే దెబ్బతినే ప్రమాదమూ మిగిలే ఉంటుంది. ఎనిమిది నెలలకే నిరాశపడనక్కర్లేదు, అలాగని నయమైపోయిందని నమ్మనూ కూడదు. ముందుగా అల్ట్రాసౌండ్ పరీక్ష చేయించి, రేసులతో సంబంధం లేని పశువైద్యుడి చేత చదివించండి. మీ నిర్ణయం ఆ నివేదిక మీద ఆధారపడాలి, భాగస్వాముల విసుగు మీద కాదు.

ఇలాంటి గాయం నుంచి తిరిగి వచ్చిన గుర్రాల్లో డ్రీమ్ అలయన్స్ కథ మీకు చెప్పాలి. వేల్స్‌లోని కెవ్న్ ఫోరెస్ట్ అనే గని కార్మికుల ఊళ్లో జాన్ వోక్స్ అనే మహిళ వర్కింగ్ మెన్స్ క్లబ్బులో బార్ పని చేసేవారు. భర్తతో కలిసి 350 పౌండ్లకు ఒక ఆడగుర్రాన్ని కొన్నారు. దాని పిల్లను పెంచడానికి ఊరివారు 23 మంది వారానికి 10 పౌండ్ల చొప్పున వేసుకున్నారు. ఆ పిల్లే డ్రీమ్ అలయన్స్. 2008లో ఇంగ్లండ్‌లోని ఎయిన్‌ట్రీ మైదానంలో పరుగెత్తుతుండగా దాని కాలి స్నాయువు తెగింది. ఆ దశలో చాలామంది యజమానులు గుర్రాన్ని వదులుకుంటారు. వీళ్లు వదల్లేదు, మూలకణ చికిత్స చేయించి ఓపిక పట్టారు. 2009 డిసెంబరులో వేల్స్‌లోని చెప్‌స్టోలో జరిగిన వెల్ష్ నేషనల్ రేసును ఆ గుర్రం గెలిచింది. అది తన మొత్తం పరుగుల్లో గెలుచుకున్న సొమ్ము సుమారు 1,38,000 పౌండ్లు, అయినా ఖర్చులన్నీ పోగా ఒక్కో భాగస్వామికి మిగిలిన లాభం 1,430 పౌండ్లే. దేశమంతా చూసే పెద్ద రేసు గెలిచినా అంతే. ఆ ఊరివారికి దక్కిన ఆనందం వెలకట్టలేనిది, అందులో నాకు ఏ సందేహమూ లేదు. దాన్ని ఆశించే వాళ్లు నిలబడ్డారు, డబ్బు కోసమైతే మధ్యలోనే చెదిరిపోయేవారు.

మీ విషయానికి వస్తే, కట్టడం మానేసిన భాగస్వామికి గడువు పెట్టి లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వండి. క్లబ్బుకు, ట్రైనర్‌కు బకాయి పేరుకుంటే మిగిలిన ముగ్గురి మీదా పడుతుంది, గుర్రం రేసులో దిగే దారీ మూసుకుపోవచ్చు. అతని వాటాను మీలో ఒకరు కొనుక్కోవడం అన్నిటికన్నా తేలికైన మార్గం. మీకు మనసున్నా స్తోమత లేకపోతే, పరుగెత్తే కాలానికి గుర్రాన్ని లీజుకు ఇచ్చి యాజమాన్యం మీ దగ్గరే ఉంచుకోవచ్చు, అప్పుడు నెల ఖర్చు లీజుదారుది, గెలిచిన సొమ్ములో ఒప్పందం ప్రకారం కొంత మీది. బీమా మీద మాత్రం ఆశ పెట్టుకోకండి, గుర్రాల పాలసీలు మామూలుగా మరణానికి వర్తిస్తాయి, కుంటుతూ నిలబడిపోయిన గుర్రానికి కాదు.

ప్రశ్న: గుర్రం మీద వచ్చిన నష్టాన్ని నా వ్యాపార లాభంలో తగ్గించుకోవచ్చా?
— ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: కుదరదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 74ఏ సెక్షన్ ద్వారా వచ్చిన నియమం ప్రకారం, పందెం గుర్రాల నిర్వహణలో వచ్చిన నష్టాన్ని పందెం గుర్రాల ఆదాయంతోనే సరిపెట్టుకోవాలి, మిగిలినది నాలుగేళ్ల వరకే ముందుకు తీసుకెళ్లాలి, అదీ రిటర్న్ గడువులోగా దాఖలు చేస్తేనే. ఆ లెక్కలో నిర్వహణ ఖర్చులే వస్తాయి, గుర్రం కొన్న ధర రాదు. మీ వాటా మేరకు బిల్లుల నకళ్లు మీ దగ్గరే ఉంచుకోండి.

ప్రశ్న: మెల్‌బోర్న్‌లో ఉంటున్న మా అబ్బాయి గుర్రంలో ఐదు శాతం వాటా కొంటానంటున్నాడు. అక్కడ ఇది మామూలేనట. ఆ గుర్రం పరుగు మానేశాక దాని గతేమిటని నా దిగులు.
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: ఆస్ట్రేలియాలో చిన్న వాటాల పద్ధతి బాగా పాతుకుపోయింది. అక్కడ ప్రజలకు వాటాలు అమ్మే ప్రమోటర్‌కు ఆర్థిక సేవల లైసెన్సు ఉండాలి, గుర్రం ధర, ఖర్చులు, ప్రమోటర్ లాభం తెలిపే పత్రం కొనుగోలుదారుకు ముందే ఇవ్వాలి. ఆ పత్రాన్ని చివరి పేజీదాకా చదవమని చెప్పండి.

మీ దిగులు మాత్రం ఆ పత్రం కన్నా పెద్దది, దాన్ని మీరు అడిగినందుకు నాకు ఎంతో సంతోషంగా ఉంది. చాలా గుర్రాలు ఆరేడేళ్లు వచ్చేసరికే పరుగు మానేస్తాయి, ఆయుష్షు మాత్రం పాతికేళ్లు దాటవచ్చు. మంచి వంశపు ఫిల్లీలకు పిల్లల కోసం గుర్రాలను పెంచే స్టడ్ ఫార్మ్‌లలో చోటు దొరుకుతుంది. గెల్డింగ్‌లకు, అంటే వృషణాలు తీసేసిన మగగుర్రాలకు, ఆ అవకాశం లేదు, స్వారీ బడికో, ఓర్పుగా చూసుకునే మనిషికో అప్పగించేదాకా ఎవరో ఒకరు మేత ఖర్చు భరించాలి. పదిమంది యజమానులున్న గుర్రానికి ఈ దశలో బాధ్యత తీసుకునేవాడు ఒక్కడూ మిగలని ప్రమాదం ఎక్కువ. అందుకే వాటా కొనేనాడే, రేసులు మానాక ఆరు నెలల పోషణకు సరిపడే మొత్తాన్ని ప్రతి భాగస్వామీ విడిగా జమ చేయాలని, గుర్రాన్ని ఎవరికి అప్పగించినా వారి పేరు, చోటు భాగస్వాములందరికీ తెలియజేయాలని ఒప్పందంలో రాయించుకోమనండి. ప్రమోటర్ అందుకు ఒప్పుకోకపోతే, వేరే గుర్రాన్ని చూసుకోమనండి.