అనంతపురంలో మొదటి గేమింగ్ పీసీ, తక్కువ బడ్జెట్: ఏ పార్టుకి ఏది సరిపోతుంది?

ముందు ప్రాసెసర్ తేల్చుకోండి, మదర్‌బోర్డు దాని వెనకాలే వస్తుంది. రైజెన్ 5 5600 అయితే ఏఎం4 సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు), బీ450 లేదా బీ550 బోర్డు. ఐ3 12100ఎఫ్ అయితే ఎల్‌జీఏ1700, హెచ్610 బోర్డు చాలు. ఈ రెండు ప్రాసెసర్లలోనూ లోపల గ్రాఫిక్స్ లేదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు పెట్టనిదే డిస్‌ప్లే రాదు, మానిటర్ కేబుల్ కూడా కార్డుకే గుచ్చాలి. బోర్డుకి గుచ్చి "పీసీ చచ్చిపోయింది" అని కంగారుపడేవాళ్లు ఎక్కువ.

చాలామంది బోల్తా పడేది బీ450 దగ్గర. పాత స్టాక్ బోర్డులో బయాస్ (బోర్డు లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ కాకపోతే 5600ని గుర్తించదు. షాపులోనే ఆన్ చేసి చూపించమనండి.

ర్యామ్ 16 జీబీ, ఒకే స్టిక్ కాకుండా 8 జీబీవి రెండు. బోర్డులో నాలుగు స్లాట్లుంటే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి 2, 4 స్లాట్లలో పెడతారు. హెచ్610లో డీడీఆర్4, డీడీఆర్5 (ర్యామ్ రకాలు) బోర్డులు వేర్వేరు. గాడి తేడా, ఒకదాని స్లాట్‌లో రెండోది దిగదు.

కార్డు ఆర్‌ఎక్స్ 6600 అనుకుంటే పవర్ సప్లై మంచి కంపెనీది 550 వాట్లు, కార్డుకి పెట్టే 8 పిన్ కేబుల్‌తో. క్యాబినెట్‌తో ఉచితంగా ఇచ్చేది మాత్రం వద్దే వద్దు. కార్డు పొడవు క్యాబినెట్‌లో పడుతుందో మిల్లీమీటర్లలో చూసుకోండి.

మన ఎండలకి ముందువైపు జాలీ ఉన్న క్యాబినెట్, కనీసం రెండు ఫ్యాన్లు. గాజు ముఖం అందమే గానీ లోపల పొయ్యే.