ఆఖరి పాకెట్ దగ్గర తొందరపడకు

చి. బుజ్జికి, పెదనాన్న ఆశీస్సులు.

ఓడలో సరుకు నింపించే నీ మొదటి లోడింగ్ మార్కెట్‌లో పడిందని మీ నాన్న చెప్పాడు. సంత కాదులే, మిషిగన్‌లో సుపీరియర్ సరస్సు ఒడ్డునున్న ఊరు. అక్కడి ఖనిజం డాక్ 1912 నుంచీ నడుస్తోంది. మన విశాఖలోలాగా కన్వేయర్ బెల్టు ఉండదు. రైలు వ్యాగన్లు డాక్ నెత్తికెక్కి, కిందున్న పాకెట్లలో, అంటే పెద్ద తొట్లలో, పెల్లెట్లు (ఇనప ఖనిజపు చిన్న ఉండలు) గుమ్మరిస్తాయి. రెండు వైపులా కలిపి 200 పాకెట్లు. జారుడుబల్ల లాంటి చ్యూట్ దించి తలుపు తీస్తే సరుకు దాని బరువుకదే జారి హ్యాచ్‌లో, అంటే ఓడ డెక్ మీద సరుకు పోసే నోట్లో, పడుతుంది.

పాకెట్ల మధ్య దూరం 12 అడుగులు, పాత ఓడల్లో హ్యాచ్‌లు 24 అడుగులకొకటి. అందుకే ఒకటి విడిచి ఒకటి దింపుకుని, మిగతావాటి కోసం ఓడను 12 అడుగులు జరుపుతారు. ఆ సమయంలో ఓడను డాక్‌కి కట్టిన బిగిసిన వైరు దగ్గర నిలబడకు. డెక్ మీద చిందిన పెల్లెట్లు గోళీల్లా దొర్లుతాయి, చీపురు పట్టడానికి నామోషీ పడకు.

ఒకే చోట పోస్తూ పోతే ఓడ నడుం వంగుతుంది. సరుకు పడుతుంటే బ్యాలస్ట్ నీళ్లు (ఖాళీ ఓడ నిలకడ కోసం ట్యాంకుల్లో పట్టినవి) బయటికి పోతుండాలి. పంపు వెనకబడిందా, "ఆపండి" అని రేడియోలో గట్టిగా చెప్పు. కెప్టెన్ తర్వాతి అధికారి చీఫ్ మేట్ విసుక్కుంటే విసుక్కోనీ.

ఉద్యోగంలో నా రెండో ఏడు, లెక్క కాగితం నమ్మి ముందువైపు ఒక పాకెట్ ఎక్కువ దింపించాను. ముక్కు రెండంగుళాలు దిగిపోయింది. మన ఓడల్లో అంగుళమంటే వంద టన్నుల పైమాటే. ఓడల్ని కింది నీటిమట్టానికి దించే సూ లాక్స్ దాటి సెయింట్ మేరీస్ నదిలో వెళ్లాలి, అక్కడి లోతే మన హద్దు. జారిన సరుకును మళ్లీ పాకెట్‌లోకి ఎక్కించలేం కదా! వెనక ట్యాంకుల్లోకి నీళ్లు పట్టి ముక్కు లేపేసరికి తెల్లారింది. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తే.

కాబట్టి చివర్లో కాగితం జేబులో పెట్టి, టార్చి తీసుకుని డాక్ మీదికి దిగు. ముందు, మధ్య, వెనక డ్రాఫ్ట్ అంకెలు (ఓడ నీళ్లలో ఎంత లోతు దిగిందో చూపేవి) నీ కళ్లతో చూడు. చలి ముదిరితే తడి పెల్లెట్లు పాకెట్‌లోనే గడ్డకట్టి సగమే జారతాయి, అప్పుడు లెక్క అసలే పనికిరాదు. అంకె మీద నీళ్లు ఎగిరిపడుతుంటే నాలుగైదు అలలు పోయేదాకా ఆగి, ఆ తర్వాతే రాసుకో.

మీ పెదనాన్న