యాప్ తెరిస్తే మూసుకుపోతోందా? ముందే అన్‌ఇన్‌స్టాల్ కొట్టేయకండి

సినిమాలు, సీరియళ్లు చూసే యాప్ పడిపోతోందని ఈసారి నాలుగు ఉత్తరాలొచ్చాయి. ఊళ్లు వేరు, టీవీలు వేరు, ఒకరికి చెప్పిన వైద్యం ఇంకొకరికి పనికిరాదు, అందుకే మిగతా ప్రశ్నలు వచ్చేసారికి పెట్టి ఈ పేజీ అంతా దీనికే ఇచ్చేశాను. యాప్‌ల పేర్లు తీసేశాను, ఇక్కడ చెప్పేది దాదాపు ఏ యాప్‌కైనా ఒకటే.

ప్రశ్న: నమస్కారమండీ. మాది రాజాం. 32 అంగుళాల ఆండ్రాయిడ్ టీవీ, కొని నాలుగేళ్లు దాటింది. మా అత్తగారు రోజూ రాత్రి యాప్‌లో సీరియల్ చూసుకుంటారు. పది రోజుల నుంచి యాప్ నొక్కితే దాని బొమ్మ వస్తుంది, అయిదు సెకన్లుంటుంది, మళ్లీ మొదటి స్క్రీన్‌కి వచ్చేస్తుంది. నెట్ వాళ్లని పిలిస్తే నెట్ బాగానే ఉందమ్మా, కావాలంటే ప్లాన్ పెంచుకోండి అన్నారు. హైదరాబాద్‌లో ఉన్న మా మరిది అన్‌ఇన్‌స్టాల్ చేసెయ్ వదినా అంటున్నాడు, ఎదురింటాయన ఫ్యాక్టరీ రీసెట్ కొట్టెయ్యమంటున్నారు. పాస్‌వర్డ్ ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. ఏటి చెయ్యమంటారు? (ఒక పాఠకురాలు, రాజాం)

జవాబు: అమ్మా, రెండూ చెయ్యకండి. అన్‌ఇన్‌స్టాలూ వద్దు, రీసెట్టూ వద్దు. రెండూ ఆఖర్న చేసే పనులు, పాస్‌వర్డ్ లేకుండా ఇప్పుడే చేసేస్తే యాప్ బాగుపడినా మీ అత్తగారు మాత్రం లాగిన్ స్క్రీన్ చూస్తూ కూర్చోవాలి.

మీరు రాసినదాంట్లో నాకు బాగా పనికొచ్చిన మాట "మళ్లీ మొదటి స్క్రీన్‌కి వచ్చేస్తుంది" అన్నది. నెట్ చాలకపోతే అలా జరగదు. నెట్ తగ్గితే చక్రం గుండ్రంగా తిరుగుతుంది, బొమ్మ మసకబారుతుంది, ఆగి ఆగి వస్తుంది, లేదా నెట్ లేదని రాసి చూపిస్తుంది, కానీ యాప్ మాత్రం తెరిచే ఉంటుంది. బయటికి తోసేసిందంటే అది యాప్ పడిపోవడం. టీవీలో మెమరీ చాలక పడిపోవచ్చు, యాప్ దాచుకున్న ఫైలేదో పాడై పడిపోవచ్చు, కొత్త వెర్షన్‌కీ పాత టీవీకీ పొసగక పడిపోవచ్చు. వీటిలో ఏదీ ప్లాన్ పెంచితే పోయేది కాదు, హెచ్‌డీ బొమ్మకి టీవీ దాకా 5 ఎంబీపీఎస్ నికరంగా వస్తే సరిపోతుంది, ఆ డబ్బులు ఉంచుకోండి.

ముందు ఒక చిన్న పరీక్ష. అదే వైఫై మీద మీ ఫోన్‌లో అదే యాప్ తెరవండి, తర్వాత టీవీలో యూట్యూబ్ తెరిచి ఓ పది నిమిషాలు ఆడనివ్వండి. ఫోన్‌లో యాప్ ఆడి, టీవీలో యూట్యూబూ ఆడి, టీవీలో ఇదొక్కటే పడిపోతుంటే గొడవ ఆ టీవీలో ఉన్న ఆ యాప్‌తోనే. యూట్యూబ్ కూడా పడిపోతుంటే టీవీకే ఊపిరాడట్లేదు. ఫోన్‌లోనూ టీవీలోనూ రెండుచోట్లా అదే యాప్ పడిపోతోందంటే మాత్రం చాలావరకు కంపెనీ వైపు తేడా, అప్పుడు మీరు ఇంట్లో ఎన్ని నొక్కినా లాభం లేదు, అప్‌డేట్ వచ్చేదాకా ఆగడమే.

ఇప్పుడు టీవీని నిజంగా ఆపండి. నిజంగా అని ఎందుకంటున్నానంటే రిమోట్ మీద బటన్ నొక్కితే టీవీ ఆరిపోయినట్టు కనిపిస్తుంది గానీ లోపల నిద్రపోతుంది అంతే, నెల రోజుల కిందట తెరిచిన చెత్తంతా ర్యామ్‌లో, అంటే టీవీ అప్పటికప్పుడు పనికి వాడుకునే మెమరీలో, అలాగే ఉండిపోవచ్చు. గోడ దగ్గర స్విచ్ ఆపి, ప్లగ్గు పీకేసి, ఓ రెండు నిమిషాలు ఆగి మళ్లీ పెట్టండి. చాలా ఇళ్లల్లో కథ ఇక్కడితోనే అయిపోద్ది, కానీ మీది పది రోజుల బాధ, పైగా మన వైపు కరెంటు పోయి వచ్చినప్పుడల్లా టీవీ ఎలాగూ రీస్టార్ట్ అవుతూనే ఉంటుంది కాబట్టి మీకు దీంతో తెమలదనే నా అనుమానం.

నా అనుమానమంతా స్టోరేజ్ మీద. ఆ సైజు టీవీల్లో చాలావాటికి ర్యామ్ 1 జీబీ, స్టోరేజ్ 8 జీబీ ఉంటుంది, ఆ 8లో సగానికి పైగా టీవీ సొంత సాఫ్ట్‌వేరే తినేస్తుంది. మిగిలినదాంట్లో యాప్‌లన్నీ సర్దుకోవాలి. కొన్నప్పుడు చిన్నగా ఉన్న యాప్ అప్‌డేట్ అయిన కొద్దీ పెద్దదవుతుంది, టీవీ మాత్రం పెరగదు కదా. మొన్న విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర తెలిసినవాళ్లింటికి ఇదే పని మీద వెళ్లాను, స్టోరేజ్ తెరిచి చూస్తే 140 ఎంబీ మిగిలి ఉంది. పిల్లలు ఎప్పుడో ఎక్కించిన కారు రేసుల గేములు రెండు, ఒక్కసారి కూడా తెరవని యాప్‌లు అయిదారు. గేములు తీసేసేసరికి దాదాపు 1 జీబీ ఖాళీ అయింది, యాప్ తెరిచాం, ఆడింది. ఆ ఇంట్లోనూ నెట్ ప్లాన్ అప్పటికే పెంచేశారు, అదే నాకు బాధనిపించింది.

సెట్టింగ్స్‌లో డివైస్ ప్రిఫరెన్సెస్ అని ఉంటుంది, దాంట్లో స్టోరేజ్. కొత్త టీవీలైతే సిస్టమ్ అని ఉంటుంది, దాని కింద ఉంటుంది. 500 ఎంబీ కన్నా తక్కువ కనిపిస్తే వాడనివి తీసెయ్యండి, కనీసం 1 జీబీ ఖాళీ చెయ్యండి. అయ్యాక సెట్టింగ్స్‌లోనే యాప్స్‌కి వెళ్లి ఆ యాప్ పేరు మీద నొక్కితే ఫోర్స్ స్టాప్, క్లియర్ డేటా, క్లియర్ క్యాష్ అని మూడూ దగ్గరదగ్గరగా ఉంటాయి. ఇక్కడ చెయ్యి జారకండి. ముందు ఫోర్స్ స్టాప్, తర్వాత క్లియర్ క్యాష్, ఈ రెండే. క్యాష్ అంటే యాప్ తన సౌకర్యం కోసం దాచుకున్న బొమ్మలు, ముక్కలు, అవి పోయినా మళ్లీ తెచ్చుకుంటుంది, మీకేం నష్టం లేదు. క్లియర్ డేటా నొక్కితే లాగిన్ కూడా పోతుంది. తర్వాత ప్లే స్టోర్‌లో ఆ యాప్‌కి అప్‌డేట్ ఉందేమో చూడండి, చోటు లేక ఆగిపోయిన అప్‌డేట్ ఇప్పుడు ఎక్కుతుంది. అలాగే సెట్టింగ్స్‌లో అబౌట్ దగ్గర టీవీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కూడా.

ఇంతా చేశాక కూడా పడిపోతుంటే అప్పుడు మీ మరిది మాట వినండి, కానీ వరసగా. ముందు ఆయన్నే అడిగి ఆ అకౌంట్ ఏ ఫోన్ నంబర్ మీద ఉందో కనుక్కోండి, ఇప్పుడు చాలా యాప్‌లు ఆ నంబర్‌కి ఓటీపీ పంపిస్తాయి, లేదా టీవీ మీద ఒక కోడ్ చూపిస్తే ఫోన్‌లో కొట్టాలి, పాస్‌వర్డ్ గుర్తులేకపోయినా పని జరిగిపోద్ది. నంబర్ మరిదిగారిదే అయితే ఆయన ఖాళీగా ఉన్న టైమ్‌లో ఫోన్ లైన్‌లో పెట్టుకుని చెయ్యండి, రాత్రి సీరియల్ టైమ్‌కి పది నిమిషాల ముందు మాత్రం మొదలెట్టకండి. ఎదురింటాయన చెప్పిన ఫ్యాక్టరీ రీసెట్ మాత్రం వేరే యాప్‌లు కూడా పడిపోతుంటేనే, ఎందుకంటే టీవీలో ఉన్న ప్రతి యాప్‌కీ లాగిన్ మళ్లీ చెయ్యాలి, వైఫై పాస్‌వర్డ్ కూడా మళ్లీ కొట్టాలి.

ఒక్కోసారి ఏం చేసినా దారికి రాదు, ప్లే స్టోర్‌లో ఈ డివైస్‌కి ఈ యాప్ పనికిరాదు అని వస్తుంది. అంటే ఆ పాత ఆండ్రాయిడ్‌ని కంపెనీ వదిలేసింది. అప్పుడు కూడా టీవీ మార్చక్కర్లేదమ్మా, తెర బాగుంటే వెనక హెచ్‌డీఎంఐలో యాప్‌లు ఆడించే స్టిక్ ఒకటి పెట్టుకుంటే సరిపోద్ది. స్టిక్ పెట్టుకునేవాళ్లు కింద టెక్కలి ఉత్తరం కూడా చదవండి.

ప్రశ్న: సార్, టీవీకి స్టిక్ పెట్టాను. సినిమా అరగంట ఆడాక తెర నల్లగా అయిపోయి కంపెనీ లోగో వస్తుంది, మళ్లీ మొదట్నుంచి ఆన్ అవుతుంది. యాప్ మూడుసార్లు తీసి వేశాను. స్టిక్ పోయినట్టేనా? (ఒక పాఠకుడు, టెక్కలి)

జవాబు: బాబూ, యాప్ మళ్లీ మళ్లీ వెయ్యడం ఆపండి, మీది యాప్ పడిపోవడం కాదు. లోగో వచ్చిందంటే స్టిక్ మొత్తం ఆగి మళ్లీ మొదలవుతోంది. టీవీ వెనక్కి వెళ్లి ఒక్కటి చూడండి, స్టిక్‌కి కరెంటు ఎక్కణ్ణుంచి వస్తోంది? డబ్బాలో వచ్చిన అడాప్టర్ పక్కన పడేసి, వైరు దగ్గరవుతుందని టీవీకున్న యూఎస్‌బీలోనే గుచ్చేస్తారు, నేను చూసిన ఇళ్లల్లో చాలాచోట్ల ఇదే. టీవీలో ఉండే మామూలు యూఎస్‌బీ 2.0 లెక్క ప్రకారం ఇచ్చేది 500 మిల్లీయాంప్సే, అంటే రెండున్నర వాట్లు. అడాప్టర్ 5 వోల్టుల దగ్గర 1 యాంప్ ఇస్తుంది, దానికి రెట్టింపు. ఊరికే మెనూలు తిప్పుతున్నంతసేపూ తక్కువ కరెంటుతో నెట్టుకొస్తుంది, వైఫై లాగుతూ హెచ్‌డీ సినిమా ఆడించేసరికి చాలక చచ్చి బతుకుతుంది. అడాప్టర్‌తో గోడకి పెట్టండి, దాంతో వచ్చిన వైరే వాడండి.

అప్పటికీ అరగంట దగ్గరే ఆగుతుంటే స్టిక్‌ని చేత్తో ముట్టుకుని చూడండి, గోడకీ టీవీకీ మధ్య ఇరుక్కుపోయి కాలిపోతుంటే, డబ్బాలో చిన్న హెచ్‌డీఎంఐ తోక ఒకటి ఇస్తారు, దానికి తగిలించి గాలి తగిలేలా బయటికి వేలాడదీయండి.

ప్రశ్న: అన్నా, నేను డిగ్రీ చదువుతున్నా. ప్రీమియం ఫ్రీ అని టెలిగ్రామ్‌లో వచ్చిన ఏపీకే (యాప్ ఫైలు) వేసుకున్నా, రెండు రోజులు ఆడింది, ఇప్పుడు ఓపెన్ చేస్తే క్రాష్ అవుతోంది. కొత్త వెర్షన్ ఎక్కడ దొరుకుద్ది? (శ్రీకాకుళం)

జవాబు: తమ్ముడూ, కొత్తది వెతక్కు, ఉన్నది ఇప్పుడే తీసెయ్. ఆ యాప్‌ని ఎవరో విప్పి, మార్చి, మళ్లీ కట్టారు, అసలు కంపెనీ సర్వర్ దాన్ని గుర్తుపట్టి తోసేస్తే పడిపోతుంది, అది నీకు మంచిదే అయింది. మార్చినవాడు లోపల ఇంకేం పెట్టాడో మనకి తెలీదు. అది మెసేజ్‌లు చదవడానికీ, యాక్సెసిబిలిటీకీ (అంటే తెర మీద ఉన్నదంతా చూడడానికి) పర్మిషన్ అడిగి నువ్వు ఇచ్చి ఉంటే నీ బ్యాంకు ఓటీపీలు వాడి కంటపడతాయి. తీసేశాక ప్లే స్టోర్‌లో ప్లే ప్రొటెక్ట్ స్కాన్ నడుపు, వేరే ఫోన్ నుంచి జీమెయిల్ పాస్‌వర్డ్ మార్చు, యూపీఐ పిన్ మార్చు. డబ్బులు పోయినట్టు కనిపిస్తే సిగ్గుపడి దాచకు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్, ఎంత తొందరగా చెప్తే ఆ డబ్బు అంత ఆపగలరు.

ప్రశ్న: మాది కవిటి దగ్గర పల్లె. మా నాన్నగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్. నాలుగు గంటలు మంచం మీద ఉండాలి, ఒక చెయ్యి కదపకూడదు, ఫోన్‌లో పాత సినిమాలు చూసుకుంటే ఆయనకి టైమ్ తెలీదు. ఈమధ్య యాప్ మాటిమాటికీ మూసుకుపోతోంది, ఒంటిచేత్తో మళ్లీ తెరవలేక పక్కన పెట్టేస్తున్నారు. 32 జీబీ ఫోను, అయిదేళ్లయింది. కొత్తది కొనే పరిస్థితి ఇప్పుడు లేదు. (ఒక పాఠకురాలు, కవిటి మండలం)

జవాబు: అమ్మా, ఈ ఫోన్‌తోనే పని జరిగేలా చూద్దాం. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మన ఉద్దానంలో ఎన్ని ఇళ్లల్లో ఈ నాలుగు గంటల లెక్క నడుస్తోందో మనందరికీ తెలుసు, మీరు ఇది రాసినందుకు సంతోషం, ఇంకొందరికి పనికొస్తుంది.

ముందు వాట్సాప్ తెరవండి. సెట్టింగ్స్, స్టోరేజ్ అండ్ డేటా, మేనేజ్ స్టోరేజ్. అక్కడ చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి ఒక గుంపుగా, 5 ఎంబీ కన్నా పెద్దవి ఒక గుంపుగా కనిపిస్తాయి. గుడ్ మార్నింగ్ వీడియోలన్నీ అక్కడే ఉంటాయి, 32 జీబీ ఫోన్ నిండిపోయేది వాటితోనే. ఒక్కటి మాత్రం, డాక్టర్ చీటీలు, రక్తపరీక్ష రిపోర్టుల ఫొటోలు వాట్సాప్‌లోనే ఉండిపోయి ఉంటాయి, తీసేముందు అవి వేరే చోటికి పంపించుకోండి. 3, 4 జీబీ ఖాళీ అయితే ఫోన్‌కి ప్రాణం లేచొస్తుంది. తర్వాత పైన రాజాం అమ్మగారికి చెప్పినట్టే ఆ యాప్‌కి క్యాష్ క్లియర్ చేసి, ఫోన్ రీస్టార్ట్ చెయ్యండి.

ప్లే స్టోర్‌లో ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ అని వెతికి అది కూడా అప్‌డేట్ చెయ్యండి. పేరు ఎప్పుడూ విని ఉండరు, కానీ చాలా యాప్‌లు లోపల దాని మీదే ఆధారపడతాయి. 2021 మార్చిలో దానికొచ్చిన ఒక్క పాడు అప్‌డేట్ వల్ల ప్రపంచమంతా ఆండ్రాయిడ్ ఫోన్లలో యాప్‌లు తెరిస్తే మూసుకుపోయాయి, జీమెయిల్‌తో సహా, మళ్లీ గూగుల్ కొత్తది ఇచ్చాకే బాగయ్యాయి. ఇంకోటి, చార్జింగ్ తగ్గితే బ్యాటరీ సేవర్ దానంతటదే ఆన్ అయ్యేలా పెట్టి ఉంటుంది, అది యాప్‌ల గొంతు నొక్కుతుంది. వెళ్లే రోజు పూర్తి చార్జింగ్ పెట్టి, ఆ యాప్ వరకు బ్యాటరీ సెట్టింగ్‌లో అన్‌రెస్ట్రిక్టెడ్ పెట్టండి.

అన్నిటికన్నా ముఖ్యం, అక్కడ నెట్ మీద ఆడించకండి. సినిమా ముందురోజు రాత్రి ఇంట్లోనే యాప్‌లో డౌన్‌లోడ్ చెయ్యండి, క్వాలిటీ తక్కువది చాలు, ఆరు అంగుళాల తెర మీద తేడా తెలీదు, చోటూ తక్కువ పడుతుంది, పాత ఫోన్ మీద బరువూ తగ్గుతుంది. డౌన్‌లోడ్ ఫోన్‌లోకే చెయ్యండి, పాత మెమరీ కార్డ్‌లోకి వద్దు, అది నెమ్మదిగా ఉంటే మళ్లీ ఇదే బాధ. కొన్ని సినిమాలకి ఒకసారి ప్లే నొక్కాక 48 గంటలే గడువుంటుంది, అందుకని మూడు ట్రిప్పులకీ ఒకేసారి మొదలెట్టి ఉంచకండి, ఏ రోజుది ఆ రోజే.

బయల్దేరే ముందు ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ఆ సినిమా ఓ నిమిషం ఆడించి చూడండి. నెట్ లేకుండా ఇంట్లో ఆడిందంటే అక్కడా ఆడుతుంది. ఫోన్‌కి వెనక నిలబెట్టే స్టాండు ఒకటి పట్టుకెళ్లండి, నాన్నగారు చేత్తో పట్టుకోనక్కర్లేకుండా.