పది నెలలేగా అనుకుని వచ్చాం

ప్రశ్న: మావారిని కంపెనీ పది నెలల ప్రాజెక్టు మీద పంపితే ముగ్గురం విదేశానికి వచ్చి మూడు నెలలైంది. బాబుకు 22 నెలలు. నేను ఉద్యోగం మానకుండా ఇక్కడి నుంచే చేస్తున్నాను. టైము ఆరు గంటల తేడా. అక్కడ పదింటికి ఆఫీసు మొదలైతే ఇక్కడ తెల్లవారుజాము నాలుగు. మధ్యాహ్నం పన్నెండుకు షిఫ్టు అయిపోవాలి, కానీ బాబుతో పని సాగక రాత్రి దాకా లాగుతున్నాను. మావారు ఎనిమిదిన్నరకు వెళ్లి సాయంత్రం ఆరున్నరకు వస్తారు. బాబు నాలుగున్నరకే లేచి ఏడుస్తాడు. మీటింగులో ఉంటే తలుపు బాదుతాడు, లోపలికి రానిస్తే ల్యాప్‌టాప్ మూత వేసేసి ‘అయ్‌పోయింది’ అంటాడు. బయట ఎవరు పలకరించినా నోరు విప్పడు. రెండు భాషల వల్ల మాటలు వెనకబడుతున్నాయేమోనని భయం. ‘ఇంట్లోనే ఉన్నావుగా, చూసుకోలేవా’ అంటారు మా అత్తగారు. పది నెలలేగా అని డే కేర్‌లో వేయలేదు. సూట్‌కేసులు రెండు ఇంకా విప్పనే లేదు. నేను విదేశం నుంచి పని చేస్తున్నట్టు మా మేనేజర్‌కు తప్ప ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఒక్కోసారి బాత్రూంలో కుళాయి తిప్పి ఏడుస్తున్నాను. ఉద్యోగం మానేయమంటారా?

జవాబు: ఉద్యోగం సంగతి ఇప్పుడే తేల్చకండి. రాత్రికి ఐదు గంటలు కూడా నిద్రపోని మనిషి అంత పెద్ద నిర్ణయం తీసుకోకూడదు. ముందు ‘పది నెలలేగా’ అన్న మాట దగ్గరికి వద్దాం. మీకు పది నెలలంటే ఒక మజిలీ. మీవాడికి అది ఇప్పటిదాకా బతికిన బతుకులో దాదాపు సగం. వాడికి తాత్కాలికం అనేది తెలియదు. ఇవాళ పడుకున్న మంచమే వాడి మంచం, ఇవాళ కనిపించే గోడలే వాడి ఇల్లు. మీరేమో మూడు నెలలుగా రైల్వే ప్లాట్‌ఫాం మీద కూర్చున్నట్టు కూర్చున్నారు. డే కేర్ వద్దు, సామాను విప్పొద్దు, ఎలాగో నెట్టుకొద్దాం. నెట్టుకొచ్చేది మాత్రం మీరొక్కరే.

‘ఇంట్లోనే ఉన్నావుగా’ అనే మాట మీ అత్తగారొక్కరే అనడం లేదు. మీ మనసులోనూ అదే మాట తిరుగుతోంది, అందుకే ఇంత నేరభావం. ఇంట్లో ఉండి చేసేదీ ఉద్యోగమే. రెండేళ్లు నిండని పిల్లాడిని చూసుకోవడం ఇంకో ఉద్యోగం. ఒక్క మనిషి ఒకే గంటలో రెండూ చేస్తే రెండూ చెడతాయి. పైగా పిల్లాడికి అమ్మ ఊళ్లో లేకపోవడం కన్నా, ఎదురుగా ఉండి చూడకపోవడం ఎక్కువ అయోమయం. 1970లలో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ఒక ప్రయోగం చేశాడు. తల్లి నెలల బిడ్డతో మామూలుగా ఆడుతూ ఆడుతూ, ఉన్నట్టుండి ముఖంలో ఏ భావమూ లేకుండా కాసేపు అలా చూస్తూ కూర్చుంటుంది. బిడ్డ నవ్వుతుంది, చేయి చాస్తుంది, అరుస్తుంది, చివరికి ముఖం తిప్పుకుని ఏడుస్తుంది. స్క్రీన్ కేసి చూసే మీ ముఖం మీవాడికి కొంచెం అలాగే కనిపిస్తుంది. మూత వేసి ‘అయ్‌పోయింది’ అనడం అల్లరి కాదమ్మా, వాడికి తెలిసిన మాటతో మిమ్మల్ని వెనక్కి పిలవడం. కంగారు పడకండి, ఆ ప్రయోగం అక్కడితో ఆగలేదు. తల్లి మళ్లీ నవ్వి పలకరిస్తే బిడ్డ తేరుకుంటుంది. రోజంతా సగం సగం ఉండే అమ్మ కన్నా, కొన్ని గంటలు కనబడకుండా పోయి ఆ తర్వాత పూర్తిగా దొరికే అమ్మ వాడికి నయం.

అది కుదురుతుందా అంటారు. మీరు రాసిన టైములతోనే లెక్క వేసి చూశాను, నాకే ఆశ్చర్యం వేసింది. మీ పని నాలుగు నుంచి పన్నెండు దాకా. అందులో నాలుగు నుంచి ఎనిమిదిన్నర దాకా మీవారు ఇంట్లోనే ఉన్నారు. అంటే వేరే మనిషి కావాల్సింది మూడున్నర గంటలకు మాత్రమే. పన్నెండు తర్వాత రోజంతా మీదీ వాడిదీ. ఇంత కలిసొచ్చే టైము తేడా అందరికీ దొరకదు. అది మీకు కలిసి రాకపోవడానికి కారణం ఒక్కటే, పొద్దుటి నాలుగున్నర గంటలు ఎవరివో మీ ఇంట్లో ఎవరూ తేల్చలేదు.

అవి మీవారివి. ‘సాయం’గా కాదు, ఆయన బాధ్యతగా. వాడు లేస్తే పక్కన ఉండేది, పళ్లు తోమేది, తినిపించేది, తయారు చేసి డే కేర్‌లో దింపేది ఆయన. మొదటి వారం బాబు ఆయన్ని తోసేసి మీకోసం ఏడుస్తాడు. అప్పుడు తలుపు తీసుకుని బయటికి రాకండి. మీరు వచ్చేస్తే ‘గట్టిగా ఏడిస్తే తలుపు తెరుచుకుంటుంది’ అని వాడు నేర్చుకుంటాడు, ‘మన వల్ల కాదు’ అని ఆయన నేర్చుకుంటాడు. రెండో పాఠం ఇంకా ప్రమాదం.

నాలుగున్నరకు లేవడం గురించి. మీరు పక్కలోంచి లేచి వెళ్లిన కాసేపటికే వాడూ లేస్తున్నాడు. నిద్రలో చేయి చాపితే అమ్మ ఉన్న చోట ఖాళీ! ఈ వయసులో అమ్మ కనబడకపోతే వచ్చే బెంగ సహజంగానే ఎక్కువ. చోటు మారడంతో ఇంకా పెరిగింది. రాత్రి నిద్రపుచ్చేటప్పుడే నాన్న పక్కన ఉంటే తెల్లవారుజామున కూడా అదే మనిషి కనిపిస్తాడు. ఏడాది నిండి రెండేళ్ల లోపున్న పిల్లలకు పగటి కునుకుతో కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. వాడిని ఎనిమిదింటికల్లా పడుకోబెట్టండి. మీరూ ఎనిమిదిన్నరకు పడుకోండి. అంట్లు? పొద్దున్న వరకు అవి ఎక్కడికీ పోవు. మీవారు మేలుకునే ఉంటారుగా.

ఇప్పుడు మీరు ఒక్క వాక్యంలో దాటేసిన విషయం. మేనేజర్‌కు తప్ప ఎవరికీ తెలియదన్నారు. మీ కన్నీళ్లకు బాబు ఎంత కారణమో ఇదీ అంతే కారణమని నా అనుమానం. రహస్యం మోస్తున్న మనిషి దేనికీ కాదనలేదు. అదనపు మీటింగ్ పెడితే సరే, రాత్రి మెసేజ్ వస్తే సరే. ఏమన్నా అంటే గుట్టు బయటపడుతుందేమోనన్న భయం. ఆ భయం ఊరికే వచ్చింది కూడా కాదు. భర్త వీసా మీద వచ్చిన వాళ్లకు బయటి దేశపు కంపెనీకి పని చేసే హక్కు కొన్ని దేశాల్లో ఉంటుంది, కొన్నిట్లో ఉండదు. ఏడాదిలో 183 రోజులు దాటితే చాలా దేశాలు మిమ్మల్ని తమ పన్ను పరిధిలోకి లెక్కిస్తాయి, కొన్ని సందర్భాల్లో అంతకు ముందే. కంపెనీ డేటాను ఏ దేశం నుంచి తెరవొచ్చో కూడా నిబంధనలుంటాయి. మీకు మూడు నెలలు అయిపోయాయి, ఆరు నెలలు ఎంతో దూరంలో లేవు. ముందు వీసా పత్రంలో పని గురించి ఏం రాసి ఉందో చదవండి. పన్నులు తెలిసిన మనిషితో ఒక గంట మాట్లాడండి. తర్వాత మేనేజర్‌ను వెంటబెట్టుకుని హెచ్ఆర్‌కు మెయిల్ రాయండి. అనుమతి రాతపూర్వకంగా రావాలి. ‘కుదరదు’ అంటే జీతం లేని సెలవు అడగొచ్చు. అదీ కాదంటే ఉద్యోగం మానాలా వద్దా అని అప్పుడు ఆలోచిద్దాం. అనుమతి వస్తే పన్నెండు తర్వాత దొరకనని ధైర్యంగా చెప్పగలుగుతారు.

డే కేర్‌కు ఆలస్యం చేయకండి. చాలాచోట్ల వెయిటింగ్ లిస్టులుంటాయి, టీకాల కార్డు అడుగుతారు. మొదటి రోజులు మీరో మీవారో అక్కడే కూర్చోండి, తర్వాత అరగంట వదలండి, తర్వాత గంట. వెళ్లేటప్పుడు కళ్లుగప్పి జారుకోకండి. ‘వెళ్లొస్తా, అన్నం టైముకి వస్తా’ అని చెప్పి వెళ్లండి. ఏడిస్తే ఏడవనీ, మీరు మాత్రం వెనక్కి వెనక్కి తిరిగి చూడకండి. మొదటి నెలల్లో జలుబులు వరసగా పట్టుకుంటాయి, దానికి కొన్ని సెలవులు దాచుకోండి. వాటిలో సగం మీవారివి.

మాటల సంగతికి వస్తే, రెండు భాషలు వినడం వల్ల మాటలు వెనకబడవు. కొత్త భాష మధ్యకు వచ్చిన పిల్లలు కొన్ని వారాలు, కొన్నిసార్లు నెలలు, నోరు మూసుకుని వింటారు. ఇంట్లో మీరు తెలుగే మాట్లాడండి, ధారాళంగా. అయితే ఇదివరకు అన్న మాటలు ఇంట్లో కూడా మానేసినా, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, రెండేళ్లు నిండాక కూడా రెండు మాటలు కలిపి అనకపోయినా పిల్లల డాక్టర్‌కు చూపించండి. అప్పుడు భాషల మీద నెపం వేసి ఆగొద్దు.

అత్తగారితో వాదన పెట్టుకోకండి. ఆవిడ అసలు బాధ మనవడు దూరమయ్యాడని. రోజూ ఒకే టైముకి ఐదు నిమిషాల వీడియో కాల్, ఒకే ఆట, ఒకే పాట. అంతకన్నా ఎక్కువసేపు ఫోను ముందు కూర్చోబెడితే ఏ పిల్లాడైనా లేచి పరుగెత్తుతాడు. డే కేర్ గురించి ఆవిడకు మీవారే చెప్పాలి.

కుళాయి తిప్పి ఏడవడం మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. సరిగ్గా రెండు వారాలు నిద్రపోయి చూడండి. అప్పటికీ రోజూ దిగులుగానే ఉంటే, దేనిమీదా మనసు పోకపోతే డాక్టర్‌ను కలవండి. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగొద్దు, ఆ రోజే వెళ్లండి. ఈ ఉత్తరం మీవారికి చూపించారో లేదో రాయలేదు. చూపించండి.

ఈ ఆదివారం ఆ రెండు సూట్‌కేసులూ విప్పేయండి. వాడికో చిన్న కుర్చీ, బొమ్మలకో అట్టపెట్టె, ఎత్తుకు తగ్గట్టు గోడకు ఒక కొక్కెం కొనండి, సెకండ్ హ్యాండ్‌వైనా సరే. అద్దె ఇల్లు కదా, కిటికీ గడియలు, మీదపడే బీరువాలు కూడా ఒకసారి చూసుకోండి. ఖాళీ అయిన సూట్‌కేసును వెంటనే మంచం కిందకు తోసేయకండి. కాసేపు మీవాడికి వదిలేయండి, లోపల కూర్చుని మూత వేసుకుంటాడు. అప్పుడు ‘అయ్‌పోయింది’ అని మీరు అనండి.