అమ్మకం ఉన్నా గల్లాలో డబ్బు మిగలకపోతే

దిల్‌సుఖ్‌నగర్‌లో మీ మ్యాచింగ్ సెంటర్‌కు గిరాకీ ఉన్నా, హోల్‌సేల్ బాకీ కట్టేసరికి చేతిలో ఏమీ ఉండట్లేదన్నారు. అద్దె సంగతి తర్వాత, ముందు కోత చూడండి. మీటరుకు 3 సెంటీమీటర్లు ఎక్కువ వదిలితే 20 మీటర్ల తానులో 60 సెంటీమీటర్లు పోతుంది, అంటే 3 శాతం. ఖర్చులు పోగా మీకు 10 శాతం మిగిలేటట్టయితే, ఇంచుమించు మూడో వంతు కత్తెర కిందే పోయినట్టు! బల్ల అంచుకు స్టీలు స్కేలు బిగించి, గుడ్డను లాగకుండా పరిచి కొలవండి. లాగి కొలిస్తే కస్టమరుకు తక్కువపడుతుంది, మళ్లీ రారు.

తాను చివర ఇంకా జాగ్రత్తండీ. 1.60 మీటర్లు మిగిలినప్పుడు మీటరు కోసిస్తే, మిగతా 60 సెంటీమీటర్లు బ్లౌజుకు చాలదు. 80 సెంటీమీటర్లు సరిపోయేవాళ్లకు రెండు ముక్కలుగా ఇవ్వండి.

ప్రతి తానుకూ కొన్న తేదీ, ధర, మీటర్లు రాసిన చీటీ కట్టండి. 90 రోజులు కదలనిది ఆషాఢంలో కొన్న ధరకైనా వదిలేయండి, శ్రావణం సరుకుకు ఆ డబ్బే ఆధారం. అరుదైన రంగులు సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో సగం తానే అడగండి.

చీరకు బ్లౌజు గుడ్డ రంగు కలిసిందో లేదో చూడడం మాత్రం గుమ్మం దగ్గర పగటి వెలుతురులోనే చేయండి. ఎల్‌ఈడీ కింద కలిసినవి బయట తేడాగా కనిపిస్తాయి, ముక్క వెనక్కి వస్తుంది.