ఫిజిక్స్ చదివి సైన్స్ చరిత్రలోకి వెళ్లొచ్చా?

ప్రశ్న: ఎమ్మెస్సీ ఫిజిక్స్ పూర్తయింది. సైన్స్ చరిత్ర, తత్వశాస్త్రంలో పీహెచ్‌డీ చేసి కాలేజీలో పాఠాలు చెప్పాలనుంది. దారేది?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: పీహెచ్‌డీ సీటు కంటే ఆ తర్వాతి ఉద్యోగంలోనే చిక్కుంది. అసిస్టెంట్ ప్రొఫెసర్ ప్రకటనలు ఎక్కువగా ‘హిస్టరీ’ అనో ‘ఫిలాసఫీ’ అనో పడతాయి. ఆ సబ్జెక్టులోనో దానికి దగ్గరి సబ్జెక్టులోనో 55 శాతంతో పీజీ అడుగుతారు. ఫిజిక్స్ పీజీతో దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. అందుకే ముందు రెండేళ్ల ఎం.ఏ. చేయండి, ఇగ్నోలో ఇంటి దగ్గరుండే చదవొచ్చు. తర్వాత ఆ సబ్జెక్టులోనే యూజీసీ నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) రాయండి. అదే పరీక్షతో వచ్చే పరిశోధన ఫెలోషిప్ జేఆర్ఎఫ్‌కు వయోపరిమితి ఉంది, వాయిదా వేయకండి.

పీహెచ్‌డీ అంశం కోసం లండన్ దాకా చూడనక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్టనే తీసుకోండి (1847–52). ఇసుక పడక మీద రాతికట్టు ఎలా నిలిచింది, ఆ లెక్కలు ఎవరు వేశారు, స్థానిక మేస్త్రీల తెలివి ఎంత? మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వ రికార్డులు చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అయితే కాటన్ దొరకు పూలదండ వేసే వ్యాసం థీసిస్ కాదు సుమండీ!